ఊఁ కొట్టిందెవరు

ముందే చెబుతున్నాను. నేను చెబుతున్నంతసేపూ ఎవరూ ఊఁ కొట్టొద్దు. వింటే వినండి, నిద్రొస్తే పడుకోండి. ఊఁ మాత్రం వద్దు. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇంకో మాట. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. నాకు జరిగింది. బిడ్డ మీద ఒట్టేసి చెప్పమంటారా... వద్దులెండి. ఈ ఒక్క విషయంలో ఆ ఒట్టు వెయ్యలేను. దేవుడి మీద ఒట్టు. చాలా? దయ్యాల కబుర్లంటే నాకు మొదట్నించీ చిరాకు. ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళి అంట్లు తోముకునేదాన్ని. అలాంటిదాన్ని చెబుతున్నాను.

అరవైల్లో మాట. అప్పుడు మేం భిలాయిలో, సెక్టర్ సిక్స్‌లో ఉండేవాళ్ళం. మాది విజయనగరం. మా ఆయనకి అక్కడి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం వస్తే మూట కట్టుకుని వచ్చేశాం. వీధి వీధంతా కంపెనీ క్వార్టర్లు. అన్నీ ఒకే అచ్చు. అదే తలుపు, అదే మెట్టు, అదే పసుపు సున్నం. షిఫ్టు దిగి, నిద్రమత్తులో పక్కింట్లోకి దూరి, టీ పెట్టమని పక్కావిడకి పురమాయించిన మహానుభావులు కూడా ఉన్నారు. వాళ్ళలో మా ఆయన ఉన్నాడో లేడో నేను చెప్పను.

మా వరసకి చివర ఒక క్వార్టరు ఖాళీగా ఉండేది. తెలుగువాళ్ళంతా కలిసి వెళ్ళి కంపెనీవాళ్ళని అడిగితే పిల్లల లైబ్రరీ పెట్టుకోమని ఇచ్చారు. రెండు ఇనప బీరువాలు, కొన్ని చాపలు. ఊరికెళ్ళిన ప్రతివాడి చేతా తెప్పించుకున్న బొమ్మల పుస్తకాలు. నేను స్కూల్ ఫైనల్ దాకా చదివానని తాళంచెవి తెచ్చి నా కొంగుకి కట్టారు. జీతం లేదు. బడాయి మాత్రం బోలెడు.

పేరుకి లైబ్రరీయే కానీ, పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి చదువుకునే పిల్లలు తక్కువ. బళ్ళో వాళ్ళకి హిందీ. తెలుగు వింటారు, మాట్లాడతారు, అక్షరం ముక్క రాదు. అందుకని సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అందరినీ చాపల మీద కూచోబెట్టి నేనే చదివి వినిపించేదాన్ని. దీదీ, ఆ కథ చదువు, ఈ కథ చదువు అని గోల. తల్లులూ వచ్చేవాళ్ళు, చంటివాళ్ళని ఒళ్ళో వేసుకుని. మా పక్కింటి అప్పలనర్సమ్మ వదినైతే బియ్యం ఏరుకోవడానికి చేట కూడా వెంట తెచ్చుకునేది.

నాదొకటే నియమం. ఊఁ కొట్టాలి. మన ఇళ్ళల్లో అమ్మమ్మలు కథ చెబితే ఎలా కొడతామో అలా. నా చూపు పుస్తకం మీద ఉంటుంది కదా. ఎవరు వింటున్నారు, ఎవరు నిద్రపోయారు, ఎవరికి అర్థం కాలేదు... అదంతా నాకు చెవులతోనే తెలియాలి. కొన్నాళ్ళకి ఎవరి ఊఁ ఏదో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. ఒకడిది ముక్కుతో వచ్చేది. ఒకత్తె సాగదీసేది. ఒకడు నేను వాక్యం పూర్తి చెయ్యకముందే అనేసి పక్కవాళ్ళ చేత మొట్టికాయలు తినేవాడు.

మా వరస ఊడవడానికి వచ్చే ఛత్తీస్‌గఢీ ఆమె కూడా గుమ్మంలో నిలబడి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నాకు ఊఁ కొట్టేది. వాళ్ళ కథల్లోనూ ఇదే అలవాటట. ఊఁకి భాషేముంది. ఆమే ఒకసారి అంది... ప్లాంటు రాకముందు ఇక్కడ ఊళ్ళుండేవట. ఈ క్వార్టర్ల కిందే ఎక్కడో వాళ్ళ అత్తగారిల్లు కూడా ఉండేదట. ఇప్పుడు అది ఎక్కడో ఆమెకే ఆనవాలు తెలియదట. అప్పుడు నేను విని ఊరుకున్నాను.

కథ అయ్యాక పుస్తకం మూసి, "పదండమ్మా, ఇంటికెళ్దాం" అనేదాన్ని. అది నా ఇంకో అలవాటు. ఆ ఒకే అచ్చు ఇళ్ళ మధ్య చీకట్లో చిన్నపిల్లలు తికమకపడతారని, నేనే వెంటపెట్టుకుని ఎవరి గుమ్మంలో వాళ్ళని దింపి వచ్చేదాన్ని. ఆ మాట నా నోట రాగానే అందరూ నా వెనక వరసకట్టేవాళ్ళు. ఇది గుర్తుపెట్టుకోండి.

అందరి ఊఁలూ విన్నాను. నా బిడ్డది వినలేదు.

మా వరాలు. అప్పుడు దానికి నాలుగో ఏడు. విజయనగరంలో ఉన్నప్పుడు అమ్మ, తాత, పాలు... అన్నీ అనేది. రైలెక్కాక ఆగిపోయింది. భిలాయిలో దిగిన రోజు నుంచీ ఒక్క మాట లేదు. ఏడ్చినా సడి రాదు, కన్నీళ్ళు కారతాయి, అంతే. ఎప్పుడు చూసినా నోట్లో బొటనవేలు. డాక్టరు చూసి చెవులు బాగున్నాయి, నాలుక బాగుంది, బోలేగీ, మాట్లాడుతుంది, బోలేగీ అన్నాడు. ఎప్పుడు బోలేగీ? అత్తగారు ఉత్తరాల మీద ఉత్తరాలు. పిల్లదాన్ని అక్కడికి తీసుకెళ్ళి పాడుచేశారని. మా ఆయన పైకి ఏమీ అనడు కానీ, పక్కవాళ్ళ పిల్లలు నాన్నా అని సైకిలుకి ఎదురెళుతుంటే తల తిప్పుకునేవాడు. నేను మొక్కని దేవుడు లేడు. పెద్ద మాటలు అడగలేదు. ఒక్క ఊఁ. పిల్లల మధ్య కూచుని ఒక్కసారి ఊఁ అంటే చాలనుకున్నాను.

"గుంట మాటాడతాదిలేవే. తొందరేటి నీకు?" అనేది అప్పలనర్సమ్మ వదిన. తొందరేటని ఆవిడ అడుగుతుంది, నలుగుర్ని గడగడా వాగేవాళ్ళని కన్నది కాబట్టి.

ఆ రోజు మధ్యాహ్నం నుంచీ ముసురు. మా ఆయన సెకండ్ షిఫ్టు. ఈ వానలో పిల్లలెవరూ రారని తెలుసు. అయినా వెళ్ళాను. కిటికీ రెక్క ఒకటి సరిగ్గా పడదు, జల్లు కొట్టి పుస్తకాలు తడుస్తాయని నా భయం. వరాలుని చంకనేసుకుని, కొంగు కప్పి, పరిగెత్తాను. తాళం తీశాను. చాపలు లోపలికి లాగాను. కిటికీ రెక్కకి పుల్ల దోపుతున్నాను... వాన ఒక్కసారి విరుచుకుపడింది. వీధి కనిపించడం మానేసింది. వెంటనే కరెంటు పోయింది.

భయపడలేదు. వాన తగ్గాక పోదాంలే అనుకున్నాను. లాంతరు వెలిగించి ముందు పెట్టుకుని చాప మీద కూచున్నాను. వరాలుకి ఉరుమంటే ప్రాణం పోతుంది. నా వెనక చేరి, నా వీపుకి ఆనుకుని, ముడుచుకుని కూచుంది. వణుకుతోంది. ఆ వణుకు నా వెన్నెముకకి తెలుస్తోంది. సరే, కథ చదువుతానమ్మా అన్నాను. చేతికందిన పుస్తకం తీశాను.

మేకపిల్ల పుస్తకం. దానికి అట్ట లేదు, అందుకని పేరేమిటో ఎవరికీ తెలియదు. చివరి కాగితాలూ లేవు. పిల్లల లైబ్రరీల్లో ముందు పోయేవి అవే కదా. వానలో తప్పిపోయిన మేకపిల్ల ఒక్కో ఇంటి తలుపు కొట్టి, ఇది మా ఇల్లేనా అని అడుగుతుంది. కాదంటారు. ఇంకో ఇల్లు. చివర ఏమైందో పుస్తకంలో లేదు కాబట్టి, అక్కడికి రాగానే పిల్లలే తలొక ముగింపూ చెప్పాలి. అది మా ఆట.

చదవడం మొదలుపెట్టాను. మేకపిల్ల మొదటి ఇంటికి వెళ్ళింది. తలుపు కొట్టింది. "ఇది మా ఇల్లేనా?" అంది. కాదు పొమ్మన్నారు.

"ఊఁ."

వెనక నుంచి.

చిన్న గొంతు. మెత్తగా. కొంచెం బొంగురుగా, చాలాకాలం వాడని గొంతు ఎలా ఉంటుందో అలా.

కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నా బిడ్డ ఊఁ అంది. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. చూడలేదు. చూస్తే బెదిరి ఆగిపోతుందేమోనని. చదువుతూ పోయాను. మేకపిల్ల తడిసిపోయింది. రెండో ఇంటికి వెళ్ళింది.

"ఊఁ."

ఏడుస్తూ నవ్వుతున్నాను. మా ఆయన వచ్చాక ఎలా చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి... అన్నీ ఆలోచించేసుకుంటున్నాను. అత్తగారికి ఉత్తరం కూడా రాసేశాను మనసులో. అలా ఇంకో ఇల్లు, ఇంకో ఊఁ... ఎన్ని చదివానో తెలియదు. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ చదవలేదు.

అప్పుడు తెలిసింది. వీపు మీద బరువు.

వణుకు లేదు. బరువు మెత్తబడింది. పిల్ల నిద్రపోతే ఎంత బరువవుతుందో తల్లికి తెలియదా... ఊపిరి నెమ్మదిగా నా వీపుకి తగులుతోంది. లోపలికి... బయటికి... సన్నగా గురక.

నేను వాక్యం పూర్తి చేశాను.

"ఊఁ."

ఈసారి సరిగ్గా విన్నాను. వీపు దగ్గర కాదు. ఇంకా వెనక. బీరువాల దగ్గర. చెమ్మ తగులుతుందని బీరువాలు గోడకి ఆనించలేదు మేం. వెనక సందుంటుంది. పిల్లలు దాక్కునే సందు.

మెల్లిగా మెడ తిప్పాను. లాంతరు వెలుగు అటు పడడం లేదు. అంతా చీకటి. ఇంతలో... ప్లాంటు వైపు స్లాగు పారబోశారు. అక్కడున్న వాళ్ళకి తెలుసు, ఇనుము తీసేశాక మిగిలే ఆ కాగే మడ్డి పారబోస్తే ఎంత మబ్బులోనైనా ఆకాశం ఎర్రబడుతుంది. కిటికీ ఎర్రబడింది. గది ఎర్రబడింది. వరాలు ముఖం కనిపించింది. కళ్ళు మూసుకుని ఉంది. నోట్లో బొటనవేలు. పెదాలు దాని చుట్టూ బిగిసి ఉన్నాయి.

నోట్లో వేలున్న పిల్ల ఊఁ ఎలా అంటుంది?

ఎరుపు తగ్గిపోయింది. మళ్ళీ చీకటి. నేను చదవడం లేదు. వాన చప్పుడు... లాంతరు వత్తి చిటపట... అంతే. ఎవరైనా పిల్లలు ముందే వచ్చి దాక్కున్నారేమో అనుకున్నాను. తాళం నేనే తీశాను కదా అని వెంటనే గుర్తొచ్చింది. అయినా అడిగాను. ఎవరది అన్నాను. కౌన్ హై అన్నాను.

లాంతరు అటు తిప్పబోయాను. కానీ...

"ఊఁ?"

అడిగినట్టు. తర్వాత ఏమైందని అడిగినట్టు. ఆ వెంటే ఒక చప్పుడు. తడి కాలు సిమెంటు గచ్చు మీద వేస్తే వస్తుందే... చప్... అది. ఒకటే అడుగు. మా వైపు.

చదివాను. ఏం చెయ్యమంటారు? అక్షరాలు అలికినట్టున్నాయి. కంఠతా వచ్చిన కథ కాబట్టి బతికాను. మేకపిల్ల ఇంకో ఇంటికి వెళ్ళింది అన్నాను. "ఊఁ" అంది. కాలి చప్పుడు ఆగిపోయింది. చదివినంతసేపూ కదలడం లేదు. ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే... చప్. ఇంకో అడుగు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఎక్కడ ఆగాలో తెలియక నాకు ఆయాసం వచ్చేసింది. చెయ్యి వెనక్కి పెట్టి వరాలు గౌను గుప్పెట్లో పట్టుకున్నాను. నన్నేమైనా చెయ్యి, దాని జోలికి రాకు... లోపల అదే అనుకుంటున్నాను, పైకి మేకపిల్ల కథ చదువుతున్నాను.

కాగితం తిప్పాను. ఇంక కాగితం లేదు.

ఎప్పుడైనా అయితే ఇక్కడ తలెత్తి, ఇప్పుడు మీరు చెప్పండి, తర్వాత ఏమైంది అని అడిగేదాన్ని. అది నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి మింగేశాను. ఆ వెనకున్నది చెప్పే ముగింపు నాకొద్దు. నా బిడ్డ చెవిన పడకూడదు.

చప్.

దగ్గరగా. చాప అంచు దగ్గర. తడిమట్టి వాసన కొట్టింది.

గబగబా చెప్పేశాను. ఆఖరి ఇంటి తలుపు కొట్టింది మేకపిల్ల. వాళ్ళమ్మ తలుపు తీసింది. ఇది మీ ఇల్లే తల్లీ, లోపలికి రా అంది. మేకపిల్ల లోపలికి వెళ్ళింది. కథ అయిపోయింది. ఇంక లేదు.

ఊఁ లేదు. అడుగూ లేదు. నేను పుస్తకం మూసి లేచాను. వరాలుని లాగి భుజాన వేసుకున్నాను. అంతా బాగానే చేశాను. అంతలో... రోజూ అని అని పడ్డ అలవాటు కదా. పుస్తకం మూస్తే నోట వచ్చే మాట వచ్చేసింది.

"పదండమ్మా, ఇంటికెళ్దాం."

అన్నాక తెలిసింది ఏమన్నానో. అక్కడ ఎవరున్నారని అన్నాను?

తాళం వెయ్యలేదు. లాంతరు తీసుకోలేదు. వానలోకి దూకాను. నీళ్ళు పిక్కల దాకా. ఏ ఇంట్లోనూ దీపం లేదు. ఒకే అచ్చు గుమ్మాలు... ఒకటి, ఇంకోటి, ఇంకోటి. మా ఇల్లు ఏదో నాకే తెలియలేదు. చేత్తో గోడలు తడుముకుంటూ పోతున్నాను. వరాలు లేచింది. భుజం మీంచి వెనక్కి చూస్తోంది. దాని మెడ బిగుసుకుని ఉండడం నా చెంపకి తెలుస్తోంది. ఏడవడం లేదు. ఉరిమినా ఉలికిపడడం లేదు. కళ్ళార్పకుండా ఏదో చూస్తున్నట్టు... చూస్తూనే ఉంది.

వాన చప్పుడులో వెనక ఇంకేదైనా చప్పుడు వచ్చిందా? ఒట్టేసి చెప్పలేను. నా కాళ్ళ చప్పుడే కావచ్చు. నేను ఆగినా అది ఒక్క క్షణం ఆలస్యంగా ఆగినట్టు అనిపించింది. నేను మాత్రం తిరగలేదు.

మా గుమ్మం దొరికింది. మెట్టు పక్కన నేను వంకరగా పాతించుకున్న రుబ్బురోలు కాలికి తగిలి తెలిసింది. తాళం తీస్తున్నాను. మళ్ళీ ఎక్కడో స్లాగు పోశారు. తలుపంతా ఎర్రబడింది. నా నీడ, భుజాన బిడ్డ నీడ. ఇంకే నీడ లేదు. అది చూసి కాస్త ధైర్యం వచ్చింది. తలుపు తోశాను.

నా చెవి పక్కన, నా భుజం మీంచి... బొంగురుగా.

"ఇది మా ఇల్లేనా?"

నా బిడ్డ నోట్లోంచే వచ్చింది. ఆ మాట అంటున్నప్పుడు దాని పెదాలు నా చెవికి తగిలాయి. చల్లగా ఉన్నాయి. వానలో తడిసిన పిల్ల పెదాలు చల్లగా కాక ఎలా ఉంటాయి? కానీ ఆ గొంతు... నేను అంతసేపూ విన్న గొంతే.

రెండేళ్ళు ఆ మాట కోసం ఎదురుచూశాను. తలుపు తెరిచి ఉంది. వాన కొడుతోంది. ఆ ముగింపు చెప్పిందీ నేనే. తల్లి తలుపు తీసిందని, లోపలికి రమ్మందని. ఇప్పుడు కాదు పొమ్మననా? నా భుజాన ఉన్నది నా బిడ్డ.

"ఊఁ" అన్నాను.

లోపలికి తీసుకెళ్ళాను.

మా ఆయన షిఫ్టు దిగి వచ్చేసరికి నేను పొయ్యి దగ్గర కూచుని ఉన్నాను, వరాలుని ఒళ్ళో పెట్టుకుని. "ఏటయిందే అలాగున్నావు?" అన్నాడు. వరాలు తలెత్తి, నాన్నా అంది. అంతే, ఆయన ఇంకేమీ అడగలేదు. తడిబట్టలతోనే దాన్ని ఎత్తుకుని గది నిండా తిరిగాడు. నేనెప్పుడూ చూడలేదు ఆయన అలా ఏడవడం. పొద్దున్న చెప్పాను జరిగింది. పావురాలు కూసి ఉంటాయన్నాడు. బీరువాల వెనక వెతికి వచ్చాడు. ఏమీ లేదు. తడి లేదు, మట్టి లేదు, పావురం ఈకా లేదు. డాక్టరుకి చెబితే, భయంతో నోరు పెగులుతుందమ్మా, అలా జరుగుతుంటుంది అన్నాడు. కథ చాలాసార్లు విన్న పిల్ల కాబట్టి ఆ మాటే అని ఉంటుందన్నాడు. నిజమే. అన్నీ నిజమే.

అప్పలనర్సమ్మ వదిన మాత్రం అంతా విని, చేట పక్కన పెట్టింది. "గుంట మాటాడింది. అదెలాగొస్తే నీకేటి? మరెవులతోనూ అనకు" అంది. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. ఆ తర్వాత తన పిల్లల్ని చీకటిపడ్డాక లైబ్రరీకి పంపలేదు.

వరాలు ఆ రాత్రి నుంచి బొటనవేలు నోట్లో పెట్టుకోలేదు. మళ్ళీ ఎప్పుడూ ఉరుముకి భయపడలేదు. పిల్లల మధ్య కూచుని అందరిలాగే ఊఁ కొట్టేది. ఎవరి ఊఁ ఏదో కళ్ళు మూసుకుని చెబుతానన్నాను కదా... దానిది వచ్చినప్పుడల్లా నేను బీరువాల వైపు చూసేదాన్ని. ఆ గొంతే. లేదా, అంతకుముందు నా బిడ్డ ఊఁ ఎలా ఉంటుందో నాకు తెలియదు కాబట్టి, మొదట విన్నదే దానిదనుకుంటున్నానేమో.

బంగారంలాంటి పిల్ల. ఇప్పుడు దానికీ పిల్లలు. వాళ్ళకి రోజూ కథలు చదువుతుంది. నేనంటే ప్రాణం, నాకు అదంటే ప్రాణం. ఇన్నేళ్ళలో ఏ ఒక్క రోజూ దానికి ఏదీ తక్కువ చెయ్యలేదు. జ్వరమొస్తే నిద్రపోలేదు. అది నా బిడ్డే. అయినా ఇప్పటికీ దాని పక్కన పడుకున్న రాత్రి మెలకువ వస్తే, చీకట్లో దాని ముఖం చేత్తో తడుముతాను. ఏం వెతుకుతానో నాకే తెలియదు.

బిడ్డ మీద ఒట్టు వెయ్యలేనన్నది అందుకే. ఆ గుమ్మంలో నేను ఊఁ అన్నది ఎవరికో... నాకు ఇప్పటికీ తెలియదు.